బొమ్మ పడితే చాలదు, మాట వినపడాలి

పోస్టు పొడుగ్గానే ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి. పోయిన నెల పాత కంప్యూటర్ల మీద ఇక్కడ చర్చ నడిచింది కదా. అందులో ఒక అన్న "సౌండ్ రాకపోతే ఏమైంది, టైపింగ్ నేర్చుకోడానికి సౌండ్ ఎందుకు" అని రాశారు. ఇంకో అక్క "ఆ డొక్కు డబ్బాలు తూకానికి అమ్మేయండి, ఫోన్లు ఉన్నాయిగా" అన్నారు. ఇద్దరూ మన మంచి కోరేవాళ్ళే. కానీ ఆ రెండు మాటలూ మాకు మింగుడు పడలేదు. అందుకే ఇది.

మేమంటే ఎవరో ముందు చెప్పాలి. అంబాజీపేటలో ఒకే వాటాలో అద్దెకుంటున్న ఏడుగురం. నలుగురం ఏజెన్సీ నుంచి దిగొచ్చినవాళ్ళం, ఇద్దరిది చింతూరు వైపు, ఇద్దరిది మారేడుమిల్లి వైపు. మిగతా ముగ్గురు ఇక్కడే కోనసీమలో పుట్టి పెరిగిన ఎరుకల, యానాది ఇళ్ళ పిల్లలు. 2022లో జిల్లాలు విడిపోయాక మేము వేరే జిల్లా, వాళ్ళు వేరే జిల్లా అయ్యాం గానీ వండుకునే గిన్నె మాత్రం ఒకటే. అంబాజీపేట అంటే ఒకప్పుడు కొబ్బరి మార్కెట్టు గుర్తొచ్చేది, 2024 నుంచి మ్యారేజి బ్యాండు సినిమా గుర్తొస్తోంది. బ్యాండు ఊళ్ళో ఉండి కూడా మా కంప్యూటర్లకి సౌండ్ లేదని మా మీద మేమే జోకులేసుకున్నాం.

విషయానికొస్తే, మాకు రెండు అసెంబుల్డ్ కంప్యూటర్లు వచ్చాయి. ఎవరిచ్చారో పేరు చెప్పం, మంచి మనసుతోనే ఇచ్చారు. ఇస్తూ సంతకం పెట్టించుకున్న కాయితం మీద "కంప్యూటర్లు రెండు, పని చేయుచున్నవి" అని ఉంది. ఆటోలో వేసుకొచ్చి, ప్లగ్గు పెట్టి, స్విచ్ వేశాం. రెండింట్లోనూ విండోస్ ఎక్స్‌పీ. బొమ్మ పడింది. కీబోర్డు నొక్కితే అక్షరం పడింది. మాట మాత్రం రాలేదు. ఒకదాంట్లో గడియారం పక్కన ఉండాల్సిన స్పీకర్ గుర్తే లేదు. రెండోదాంట్లో గుర్తు ఉంది, పాట పెడితే పచ్చ గీతలు పైకీ కిందకీ ఆడుతున్నాయి, స్పీకర్లు మాత్రం మూగనోము పట్టాయి. ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేశాం. "మేమూ ఎప్పుడూ సౌండ్ వాడలేదు బాబూ, మీకు కావాల్సింది చదువు కదా" అన్నారు.

సౌండ్ అంటే పాటలు, సినిమాలు, టైంపాస్ అని వాళ్ళ లెక్క. మా వాటాలో లెక్క వేరు.

మా ఏడుగురిలో ఒక తమ్ముడికి చూపు చాలా తక్కువ. తెర మీద అక్షరాలు ఎంత పెద్దవి చేసినా కాసేపటికి కళ్ళంట నీళ్ళు కారిపోతాయి. అలాంటి వాళ్ళ కోసం ఎన్.వి.డి.ఎ. అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు 2006లో మొదలుపెట్టిన పని అది. తెర మీద ఏముందో పైకి చదువుతుంది, తెలుగు కూడా చదువుతుంది. గొంతు రోబో గొంతే, మొదటి రోజు విని అందరం నవ్వాం, వారానికి అలవాటైపోయింది. దాని 2017.3 వెర్షన్ వరకు ఎక్స్‌పీ మీద, 2023.3 వరకు విండోస్ 7 మీద నడుస్తుంది. అంటే పాత కంప్యూటర్ కూడా మావాడికి పనికొస్తుంది, సౌండ్ ఉంటేనే. మిగతా ఆరుగురికి సౌండ్ లేని కంప్యూటర్ సగం కంప్యూటర్. వాడికి అసలు కంప్యూటరే లేదు. "టైపింగుకి సౌండ్ ఎందుకు" అన్న అన్నగారు ఒక్కసారి కళ్ళు మూసుకుని టైపు చేసి చూడమని మా మనవి. కోపం తెచ్చుకోకండి అన్నా.

ఇంకోటి. చింతూరు వైపు నుంచి వచ్చిన ఇద్దరి ఇంటి భాష కోయ. అందులో ఒకడి నాయనమ్మ పాటలు నలభై దాకా ఒక మెమరీ కార్డులో ఉన్నాయి. బటన్ల ఫోన్ ఉన్న రోజుల్లో రికార్డు చేసినవి. ఆవిడ ఇప్పుడు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, సవర, కువి, గోండి లాంటి ఎనిమిది భాషల్లో పిల్లలకి బడి పుస్తకాలు వేయడం మొదలెట్టారు, మంచి పనే. కానీ పుస్తకంలోకి ఎక్కింది కొంచెం. పొలంలో వంగి నాట్లేస్తూ పాడినప్పుడు మాట ఎక్కడ సాగుతుందో, ఎక్కడ విరుగుతుందో అచ్చులో దొరకదు, చెవికే దొరుకుతుంది. ఆ పాటల్ని ముక్క ముక్కగా విని తెలుగు అక్షరాల్లో రాసిపెట్టుకోవాలని మావాడి కోరిక. ఫోన్‌లో రెండు సెకన్ల ముక్కని ఇరవైసార్లు వెనక్కి తిప్పి వినడం ఎంత విసుగో చేసినవాళ్ళకి తెలుసు. కంప్యూటర్‌లో ఆడాసిటీ పెట్టుకుంటే ఆ ముక్కని గీత గీసి ఎన్నిసార్లయినా తిప్పుకోవచ్చు.

ఇంగ్లీషు వినడం, ఆన్‌లైన్ క్లాసులు, వాటి గురించి మళ్ళీ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే.

ఇక సౌండ్ ఎందుకు రాలేదంటే. కంపెనీ కంప్యూటర్ అయితే డబ్బా వెనక మోడల్ నంబర్ ఉంటుంది, ఆ నంబర్ కొట్టి వెతికితే కావాల్సిన డ్రైవర్లన్నీ ఒకే చోట దొరుకుతాయి. అసెంబుల్డ్ కంప్యూటర్‌కి ఆ సుఖం లేదు. క్యాబినెట్ మీద పేరు ఒకటి, లోపల బోర్డు మరొకటి, మెమరీ ఇంకెవరిదో. కొన్నప్పుడు బోర్డుతో పాటు ఒక సీడీ ఇస్తారు. డ్రైవర్లన్నీ అందులోనే. ఆ సీడీ మొదటి ఏడాదిలోనే పోతుంది. కంప్యూటర్ మూడు చేతులు మారి మన దగ్గరికి వచ్చేసరికి సీడీ సంగతి అడిగేవాళ్ళే ఉండరు. మదర్‌బోర్డు బొమ్మని ఎలాగోలా చూపించేస్తుంది, అందుకే "పని చేయుచున్నవి" అయిపోయింది.

మొదటి డబ్బా విప్పి దుమ్ము ఊది టార్చి వేస్తే ఇంటెల్ జి31 చిప్‌సెట్ బోర్డు కనపడింది. ఎక్స్‌పీ వచ్చింది 2001లో. అప్పటికి బోర్డుల మీద ఉండే సౌండ్ పద్ధతి ఎ.సి. 97, అది 1997 నాటిది. 2004లో ఇంటెల్ దాన్ని పక్కన పెట్టి హై డెఫినిషన్ ఆడియో అని కొత్త పద్ధతి తెచ్చింది. జి31 బోర్డుల్లో ఉండేది ఈ కొత్తదే. తాను పుట్టాక మూడేళ్ళకి వచ్చినదాన్ని ఎక్స్‌పీ ఎలా గుర్తుపడుతుంది? మనం నేర్పాలి. అదీ రెండు అంచెల్లో. ముందు ఆ ఆడియో దారికి మైక్రోసాఫ్ట్ వాళ్ళ బస్ డ్రైవర్ ఉండాలి, తర్వాత చిప్పు కంపెనీ డ్రైవర్ వేయాలి. మొదటిది లేకుండా రెండోది వేస్తే కాలవ మీద వంతెన లేకుండా కొబ్బరి లారీ ఎక్కించినట్టే. మేము సరిగ్గా ఆ పనే చేసి ఒక రోజంతా పోగొట్టుకున్నాం.

దారి దొరికింది డివైస్ మేనేజర్‌లో. అక్కడ పసుపు ప్రశ్న గుర్తు ఉన్న దాని మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ అన్న చోట చూస్తే పొడుగాటి నంబర్ కనపడుతుంది. చూడగానే భయమేస్తుంది గానీ అందులో రెండు ముక్కలే మనకి కావాలి. వెన్ అని ఉన్న దాని పక్కన 10ఇసి ఉంటే అది రియల్‌టెక్ కంపెనీ చిప్పు. 1106 ఉంటే వయా కంపెనీ. డెవ్ అని ఉన్న దాని పక్కన మాకు 0662 కనపడింది, అంటే ఎ.ఎల్.సి. 662. 0888 ఉంటే 888, అంతే. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే మాకు నాలుగు రోజులు మిగిలేవి. రియల్‌టెక్ వాళ్ళు ఎక్స్‌పీకి ఇచ్చిన హై డెఫినిషన్ ఆడియో ప్యాకేజీలో ఆ బస్ డ్రైవర్ కూడా కలిపే ఉంటుంది, విడిగా వెతకక్కర్లేదు.

దింపుకోవడంలో ఒక చిక్కుంది. ఎక్స్‌పీలో ఉండే పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో ఈ రోజుల్లో చాలా సైట్లు తెరుచుకోవు, కొత్త భద్రతా పద్ధతులు దానికి రావు. ఫోన్‌లో దింపి, ఓటీజీతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి వేసుకోవాలి. వెతికినప్పుడు పైన కనపడే "మీ డ్రైవర్లన్నీ మేమే వేసి పెడతాం" అనే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం వెళ్ళకండి. మేము వెళ్ళాం. తెర నిండా ప్రకటనలు మొలిచాయి, మళ్ళీ ఎక్స్‌పీ మొదటి నుంచి వేసుకోవాల్సొచ్చింది.

రాత్రి పదకొండు దాటాక రీస్టార్ట్ చేస్తే ఎక్స్‌పీ మొదలయ్యేటప్పటి ఆ ట్యూన్ వినపడింది. ఏడుగురం ఒక్కసారే అరిచాం. ఇంటి ఓనరమ్మగారు తలుపు కొట్టి "ఏంటర్రా, పాము గానీ వచ్చిందా" అన్నారు.

రెండోది ఇంకా మొండిది. పాత ఎ.సి. 97 బోర్డు, డ్రైవర్ ఉంది, అన్నీ సవ్యంగానే ఉన్నాయి, సౌండ్ లేదు. ఒక షాపుకి పట్టుకెళ్తే పది నిమిషాలు చూసి "బోర్డు పోయింది, మార్చాలి, రెండు వేల ఐదొందలవుద్ది" అన్నాడు. అంత డబ్బు మా దగ్గర లేదు కాబట్టి బోర్డు బతికిపోయింది. లినక్స్ లైవ్ డిస్క్ ఒకటి పెట్టి చూశాం. లైవ్ డిస్క్ అంటే హార్డ్ డిస్క్‌లో ఏమీ ముట్టుకోకుండా డిస్క్ నుంచే నడిచేది. అందులో ఆల్సామిక్సర్ తెరిచి చూస్తే చిప్పు పేరు కనపడుతోంది, మ్యూట్ తీసేశాం, అయినా శబ్దం లేదు. రెండు వేరే వేరే సిస్టమ్‌ల్లోనూ చిప్పు దొరుకుతోంది, మాట బయటికి రావట్లేదంటే గొడవ సాఫ్ట్‌వేర్‌లో లేదు, చిప్పుకీ వెనకున్న పచ్చ జాకుకీ మధ్యలో ఎక్కడో ఉంది.

ఎక్కడంటే, బోర్డు అంచున ముందు వైపు హెడ్‌ఫోన్ కోసం పది పిన్నుల చోటు ఒకటి ఉంటుంది. ఒక పిన్ను ఉండదు కాబట్టి లెక్కకి తొమ్మిది. ఆ పాత బోర్డుల్లో సౌండ్ వెనక జాకుకి వెళ్ళే ముందు ఇక్కడికి వచ్చి వెళ్తుంది. ముందు వైరు పెట్టని కంప్యూటర్‌లో 5, 6 పిన్నులకి ఒక జంపరు, 9, 10 పిన్నులకి ఇంకో జంపరు తొడిగి ఉండాలి. ఎవరో ఎప్పుడో క్యాబినెట్ మార్చినప్పుడు ఆ రెండు బుల్లి టోపీలు పీకేశారు. అంతే సంగతి. పాడైపోయిన పాత ఐడీఈ హార్డ్ డిస్క్ వెనక మాస్టర్, స్లేవ్ అని పెట్టడానికి అవే సైజు జంపర్లు ఉంటాయి. ఒక డిస్క్ నుంచి ఒకటి, ఇంకో డిస్క్ నుంచి ఒకటి లాగి, కరెంటు తీసేసి తొడిగాం. సౌండ్ వచ్చింది. కరకరమంటూ వచ్చింది, ఎందుకంటే ఇక్కడి కాలవల తేమకి జాకుల్లో చిలుము పట్టేసింది. ప్లగ్గుని పదిసార్లు తోసి తీస్తే అదీ పోయింది. రెండున్నర వేల రిపేరు రూపాయి ఖర్చు లేకుండా అయింది. ఆ షాపాయన మోసం చేశాడని మేము అనట్లేదు, ఆ జంపర్ల సంగతి ఆయనకీ గుర్తుండకపోవచ్చు. కానీ మనకి తెలియకపోతే ఎవరేది చెబితే అది నమ్మాల్సిందే కదా.

మెమరీ కార్డు పాటలు వెంటనే వినపడలేదు. బటన్ల ఫోన్లు ఎ.ఎం.ఆర్. అనే రకంలో రికార్డు చేసేవి, ఎక్స్‌పీలో ఉండే ప్లేయర్ దాన్ని తెరవదు. వి.ఎల్.సి. వేస్తే తెరుచుకుంది. ఆ రకం సెకనుకి ఎనిమిది వేల నమూనాలే తీసుకుంటుంది కాబట్టి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, ఇక మీదట ఎవరైనా పెద్దవాళ్ళ పాటలు రికార్డు చేస్తే వేవ్ రకంలో చేయండి. మావాడు రెండు పాటలు విని లేచి బయటికి వెళ్ళిపోయాడు. మూడో రోజు నుంచి నోటుబుక్కు పట్టుకుని కూచున్నాడు. ఇప్పటికి ఆరు పాటలు రాశాడు.

ఇక ఫోన్ సంగతి. ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఉంది, చూపు లేనివాళ్ళకి బాగా పనిచేస్తుంది, కాదనట్లేదు. మా తమ్ముడూ వాడతాడు. కానీ రేపు గ్రూప్-2 రాస్తే కంప్యూటర్ టెస్టు కూడా పాసవ్వాలి, అది ఫోన్ మీద పెట్టరు. పైగా ఫోన్ ఒక్కరిది, పోతే దాంతో పాటు అందులో ఉన్నవీ పోతాయి. ఈ గ్రూపులోనే ఎంతమంది "ఫోన్ పోయింది, అమ్మ వాయిస్ అందులోనే ఉండిపోయింది" అని రాశారో వెనక్కి వెళ్ళి చూడండి.

తూకానికి అమ్మడం సంగతి కూడా. పాత సరుకు మనకే ఎందుకు వస్తుంది, కొత్తవి ఎందుకు ఇవ్వరు అని అడగాల్సిందే, మేమూ అడుగుతాం. పాతది బాగుచేసుకున్నాం కదా అని కొత్తది అడిగే హక్కు వదులుకోం. కానీ వచ్చేవి ఇంకా ఎక్కువవుతాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లని ఆఫీసులు, కాలేజీలు ఒక్కొక్కటిగా తీసేస్తాయి. అవి ఎక్కడికి వస్తాయో మనకి కొత్తగా చెప్పాలా? హాస్టళ్ళకి, మనలాంటి గదులకి. అందుకే ఇచ్చేవాళ్ళకి ఇప్పుడే చెప్పాలి. డబ్బా మీద బోర్డు పేరు ఒక కాయితం ముక్క మీద రాసి అంటించండి, డ్రైవర్లు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి, ఇచ్చే ముందు ఒక్క పాట పెట్టి వినండి. అప్పుడు "పని చేయుచున్నవి" అని రాయండి. తీసుకునే చోట మన అన్నలు అక్కలు ఎవరున్నా, హాస్టల్ వార్డెన్ కావచ్చు, టీచర్ కావచ్చు, స్పీకర్ పెట్టి వినకుండా సంతకం పెట్టకండి.

ఏ సిస్టమ్ ఉంచాలన్న దాని మీద మాలో మాకే పడలేదు, అది కూడా దాచం. లినక్స్ పెట్టేస్తే ఈ డ్రైవర్ల బాధే ఉండదని కొందరం. నిజమే, పాత సౌండ్ చిప్పుల డ్రైవర్లు చాలావరకు అందులోనే కలిసి వస్తాయి, మహా అయితే మ్యూట్ తీయాలి. కానీ మాలో ఒకడు సాయంత్రాలు డీటీపీ షాపులో శుభలేఖలు కొడతాడు. అక్కడ ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే. వాడికి ఇంట్లో అలవాటు చేసుకోడానికి ఎక్స్‌పీ కావాలి. చివరికి జి31 డబ్బాలో ఎక్స్‌పీ ఉంచి నెట్ వైరు పీకేశాం, డీటీపీ వాడూ ఎన్.వి.డి.ఎ. తమ్ముడూ దాని మీదే. రెండోదాంట్లో యాంటిఎక్స్ లినక్స్ వేశాం, పాటలు రాసేది దాని మీద. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కి 2020 జనవరి 14తో భద్రతా మద్దతు పోయింది. వాటిలో బ్యాంకు పాస్‌వర్డులు, జ్ఞానభూమి లాగిన్లు పెట్టకండి. ఎక్స్‌పీకి నెట్ ఇచ్చి తీరాలని వాదించినవాడు ఒకడున్నాడు, ఇంకా అలిగే ఉన్నాడు, ఈ పోస్టు కింద వచ్చి రాస్తాడు చూడండి.

ఏమీ కుదరకపోతే యూఎస్‌బీ సౌండ్ కార్డు అని బొటనవేలంత ముక్క దొరుకుతుంది. మేము నూట యాభైకి కొన్నాం. ఎక్స్‌పీ కూడా దాన్ని డ్రైవర్ అడక్కుండా గుర్తుపడుతుంది. హాస్టల్‌లో పది కంప్యూటర్లకి సౌండ్ లేదని పక్కన పడేసేకంటే పదిహేను వందలతో పదీ మాట్లాడతాయి.

పోయిన వారం మూడో డబ్బా వచ్చింది. ఈసారి సంతకం పెట్టే ముందు స్పీకర్ పట్టుకెళ్ళాం, సౌండ్ లేదు, కాయితం మీద "సౌండ్ లేదు" అని మా చేత్తో రాసి తెచ్చుకున్నాం. నంబర్ చూస్తే 1106, 1708. అంటే వయా చిప్పు, వి.టి. 1708. దాని ఎక్స్‌పీ డ్రైవర్ ఉన్న పాత బోర్డు సీడీ ఎవరి ఇంట్లోనైనా అటక మీద ఉంటే చెప్పండి, అమలాపురం, రావులపాలెం, రాజమండ్రి ఎక్కడైనా సరే మేమే వచ్చి కాపీ చేసుకుంటాం. అలాగే మీ దగ్గర మూగగా ఉన్న డబ్బాలుంటే ఆ నంబర్, బోర్డు ఫొటో ఈ పోస్టు కింద పెట్టండి. ఆదివారాలు సాయంత్రం ఖాళీగానే ఉంటాం.